బావి ఒక్కటే, చేదలు పదహారు: పన్నెండు సిమ్యులేషన్లకు కోర్లు పంచిన కథ

శనివారం పొద్దున్నే ఆరింటికి బ్రాడీపేటలో మా ఆఫీసు తాళం తీసి లోపలికి అడుగు పెట్టగానే ఏదో తేడా అనిపించింది. ఏప్రిల్ నెల గుంటూరు కదా, ఉక్క ఉంది. కానీ సెగ లేదు. మూల టేబుల్ కింద పదహారు కోర్ల మిషన్ (కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగం) రాత్రంతా, పన్నెండు గంటలుగా, నాలుగు సిమ్యులేషన్లు, అంటే ఒక కోల్డ్ స్టోరేజీలో గాలి ఎలా తిరుగుతుందో తేల్చే లెక్కలు, లాగుతోంది. ఆ లెక్కన తలుపు తీయగానే పొయ్యి పక్కన నిలబడ్డట్టు ఉండాలి. ఫ్యాన్ చప్పుడు కూడా పెద్దగా లేదు. ఆగిపోయిందేమోనని మానిటర్ ఆన్ చేశాను. ఆగలేదు. నాలుగూ నడుస్తున్నాయి, నత్తనడక.

సోమవారం పదింటికి క్లయింటు, ఆయన రిఫ్రిజిరేషన్ కాంట్రాక్టరు కూర్చునే మీటింగ్. అప్పటికి పన్నెండు ఫలితాలు టేబుల్ మీద ఉండాలి. ఆ రెండు రోజుల్లో నేను చేసిన తప్పులు, వాటిని పట్టుకున్న తీరు, చివరికి కోర్లు పంచుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. అంకెలన్నీ మా మిషన్ మీద మేం కొలిచినవే. మీ మిషన్ మీద అంకెలు మారతాయి, కొలిచే పద్ధతి మాత్రం ఇదే.

పని ఏమిటంటే

గుంటూరు మిర్చి యార్డుకు ఫిబ్రవరి నుంచి మే దాకా సరుకు పోటెత్తుతుంది. ధర నచ్చని రైతు, ధర పెరుగుతుందని ఎదురుచూసే వ్యాపారి తమ టిక్కీలను (మిర్చి బస్తాలను) చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకుంటారు. అక్కడ దాచి తీసిన కాయను యార్డులో ఏసీ సరుకు అంటారు, కల్లం నుంచి నేరుగా వచ్చినది నాన్ ఏసీ. ఏసీ సరుకుకు రంగే ప్రాణం. మా దగ్గరికి వచ్చిన యజమానికి ఒక చాంబర్‌లో, గోడవార పై వరుసల టిక్కీల్లో రెండేళ్లుగా రంగు తగ్గుతోంది. చల్లగాలి అక్కడికి అందట్లేదని అనుమానం. పెద్ద ఫ్యాన్లు పెట్టాలని కాంట్రాక్టరు అంటున్నాడు. పేర్చే పద్ధతి మార్చాలని గుమస్తా అంటున్నాడు. "ఇద్దరిలో ఎవరి మాట వినాలో మీ కంప్యూటర్ చెబుతుందంట గదా, చెప్పించండి బాబూ" అన్నారాయన.

టిక్కీలు పేర్చే తీరు మూడు రకాలు, గోడకూ పేర్పుకూ మధ్య వదిలే సందు రెండు రకాలు, ఫ్యాన్ వేగం రెండు రకాలు. మూడు రెళ్లు ఆరు, ఆరు రెళ్లు పన్నెండు. ఒక్కో కలయిక ఒక కేసు. గాలి ప్రవాహాన్ని లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో బ్వాయంట్‌సింపుల్‌ఫోమ్ సాల్వర్ వాడాం. ఒక్కో టిక్కీని గీయడం జరిగే పని కాదు కాబట్టి పేర్పు మొత్తాన్ని గాలి కష్టపడి చొరబడే పోరస్ దిమ్మగా తీసుకున్నాం. ఒక్కో కేసుకు దాదాపు 20 లక్షల సెల్స్ (చాంబర్‌ను లెక్క కోసం కోసుకున్న చిన్న గడులు). గాలి, ఉష్ణోగ్రత నిలకడకు రావడానికి 6,000 ఇటరేషన్లు, అంటే అవే లెక్కలు అన్నిసార్లు మళ్లీ మళ్లీ చేయడం.

చాంబర్ కొలతలు ఆయన శుక్రవారం మధ్యాహ్నం దాకా మారుస్తూనే ఉన్నారు. అందుకే అన్నీ ఒక్కసారి నెత్తిన పడ్డాయి.

మిషన్ ఏఎండీ రైజెన్ 9 5950ఎక్స్. 16 కోర్లు, 32 థ్రెడ్లు (ఒక్కో కోర్ రెండేసి పనుల వరసలు నడుపుతుంది), 64 జీబీ డీడీఆర్4-3200 ర్యామ్, ఉబుంటు లైనక్స్. రెండేళ్ల క్రితం షాపులో అసెంబుల్ చేయించాం.

శుక్రవారం సాయంత్రం వేసిన లెక్క

ముందు ఒక కేసును 16 కోర్ల మీద 100 ఇటరేషన్లు నడిపి చూశాను. 425 సెకన్లు పట్టింది. అంటే మొత్తం కేసుకు ఏడు గంటలు, పన్నెండు కేసులకు 85 గంటలు. చేతిలో ఉన్నది శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి సోమవారం పది దాకా, 64 గంటలు. చాలదు.

సరదాగా అదే కేసును 4 కోర్ల మీద వేశాను. 441 సెకన్లు! నాలుగు రెట్లు కోర్లు ఇచ్చినా మిగిలేది 16 సెకన్లేనన్నమాట. ఇక్కడ ఆగి "ఎందుకిలా?" అని అడగాల్సింది. నేను అడగలేదు, సంబరపడ్డాను. నాలుగు కోర్లతోనే అంత పని అయితే నాలుగు కేసులు పక్కపక్కనే నడుపుకోవచ్చు కదా. ఏడున్నర గంటలకు నాలుగు కేసులు, మూడు విడతలు, 22 గంటలు. శనివారం సాయంత్రానికి చేతులు దులుపుకోవచ్చు. పాత రన్ స్క్రిప్టునే నాలుగు ఫోల్డర్లలో కాపీ చేసి, నాలుగు టెర్మినళ్లలో ఎంటర్ కొట్టి ఇంటికి పోయాను.

పొద్దున్న చూస్తే పన్నెండు గంటల్లో నాలుగు కేసులూ 1,674 ఇటరేషన్ల దగ్గర ఉన్నాయి. ఒక్కో ఇటరేషన్‌కు 26 సెకన్లు. ఈ వేగంతో పన్నెండు కేసులు అయ్యేసరికి ఐదు రోజులు దాటుతుంది.

లోడ్ పదహారు అనే అబద్ధం

రాత్రి తొమ్మిదింటికే మా కుర్రాడు ఇంటి నుంచి లాగిన్ అయి చూసి, ఫోన్ చేశాడు. "లోడ్ సరిగ్గా పదహారు చూపిస్తోంది సార్. పదహారు కోర్లూ ఫుల్‌గా వాడుతోంది." నేను కూడా సరేనన్నాను. ఈ లోడ్ యావరేజ్ అనే అంకె చాలామందిని మోసం చేస్తుంది. అది పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్న ప్రాసెస్‌లు ఎన్ని అనేది లెక్కపెడుతుంది గానీ అవి ఎన్ని కోర్ల మీద ఉన్నాయనేది కాదు. ఒక కేసును ఎన్ని కోర్లకు పంచితే అన్ని ముక్కలు చేస్తాం, ఒక్కో ముక్కను నడిపేది ఒక ప్రాసెస్. నాలుగు కేసులు, ఒక్కోదానికి నాలుగు ప్రాసెస్‌లు, మొత్తం పదహారు. అవన్నీ ఒకే కోర్ ముందు క్యూ కట్టినా లోడ్ పదహారే.

నిజం చెప్పింది లాగ్ ఫైల్. ఓపెన్‌ఫోమ్ ప్రతి ఇటరేషన్ చివర రెండు సమయాలు రాస్తుంది. ఎగ్జిక్యూషన్‌టైమ్ అంటే ఆ ప్రాసెస్ నిజంగా ప్రాసెసర్ మీద గడిపిన సమయం, క్లాక్‌టైమ్ అంటే గోడ గడియారం లెక్క. కేసు ఒంటరిగా హాయిగా నడుస్తుంటే ఈ రెండూ దాదాపు ఒకటిగా ఉంటాయి. మా లాగ్‌లో క్లాక్‌టైమ్ 43 వేలు దాటింది, ఎగ్జిక్యూషన్‌టైమ్ దానికంటే చాలా తక్కువ. అంటే ప్రతి ప్రాసెస్ చాలా సేపు కోర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఎదురుచూడటం ఎందుకు? కోర్లు పదహారున్నాయి కదా.

ఏ కోర్ ఎంత పనిలో ఉందో గీతల్లో చూపే హెచ్‌టాప్ తెరిచాను. మొదటి నాలుగు కోర్ల గీతలు నిండుగా ఉన్నాయి, మిగతావన్నీ ఖాళీ. పీఎస్ కమాండ్‌లో పీఎస్ఆర్ కాలమ్ అడిగితే ఏ ప్రాసెస్ ఏ కోర్ మీద ఉందో చూపిస్తుంది. పదహారు ప్రాసెస్‌లూ 0, 1, 2, 3 కోర్ల మీదే. పన్నెండు కోర్లు రాత్రంతా నిద్రపోయాయి. రూములో సెగ లేకపోవడానికి కారణం అదీ.

తప్పు నా స్క్రిప్టులోనే ఉంది. రెండేళ్ల క్రితం ఒక్క కేసు నడిపేటప్పుడు, ప్రాసెస్‌లు ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు గెంతకుండా వాటిని మొదలుపెట్టే ఎంపీఐరన్ కమాండ్‌కు, ఒక్కోదాన్ని ఒక్కో కోర్‌కు కట్టేసే బైండ్-టు కోర్ అనే ఆప్షన్ ఇచ్చాను. ఒక్క కేసుకు అది మంచిదే. కానీ మనం ఎంపీఐరన్ ఎన్నిసార్లు కొడితే అన్ని విడి మనుషులు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ప్రతి ఒక్కడూ మిషన్ అంతా తనదే అనుకుని సున్నా కోర్ నుంచి లెక్కపెట్టుకుంటూ కట్టేస్తాడు. ఒకే పందిట్లో నాలుగు పెళ్లిళ్ల వాళ్లూ మొదటి పంక్తిలోనే కూర్చుంటామని ఎగబడ్డట్టు, వెనక విస్తళ్లన్నీ ఖాళీ.

దానికి తోడు ఇంకోటి. ప్రాసెస్‌ల మధ్య సందేశాలు మోసే ఓపెన్ ఎంపీఐలో ఒక ప్రాసెస్ పక్కదాని నుంచి సందేశం రావాలని చూసేటప్పుడు కోర్ వదిలి పక్కకు జరగదు, "వచ్చిందా, వచ్చిందా" అని తిరుగుతూనే ఉంటుంది. తినడం అయిపోయినా విస్తరి ముందు నుంచి లేవని చుట్టంలాగా. కోర్ ఒక్కడిదే అయితే ఇది మేలు, సందేశం రాగానే అందుకుంటాడు. నలుగురు పంచుకుంటుంటే మాత్రం ప్రాణం తీస్తుంది. అందుకే నాలుగు రెట్లు కాదు, దాదాపు ఆరు రెట్లు నెమ్మదించింది.

ఇక్కడే ఒక పిడకల వేట. స్క్రిప్టులో ఆ ఆప్షన్ తీసేస్తే చాలు కదా అని మావాడు అడిగాడు. నాలుగు ప్రాసెస్‌లకు చాలేది. కానీ మా దగ్గరున్న ఓపెన్ ఎంపీఐ 4లో, రెండు లేదా అంతకంటే తక్కువ ప్రాసెస్‌లైతే మనం అడగకపోయినా అది కోర్‌కే కడుతుంది. తర్వాత ఎనిమిది కేసులను రెండేసి కోర్లతో పరీక్షించినప్పుడు అదే జరిగింది, ఎనిమిదీ పోయి 0, 1 కోర్ల మీద కూర్చున్నాయి. కాబట్టి ఏమీ చెప్పకుండా వదిలేయడం కంటే స్పష్టంగా చెప్పడమే మేలు.

ఓపెన్‌ఫోమ్ సెట్టింగుల ఫైలు కంట్రోల్‌డిక్ట్‌లో స్టాప్‌ఎట్ దగ్గర రైట్‌నౌ అని పెట్టి నాలుగు కేసులనూ ఉన్నచోటే సేవ్ చేయించి ఆపాను. 1,674 ఇటరేషన్లయినా దక్కాయి. స్క్రిప్టు మార్చాను. ఎంపీఐరన్‌కు బైండ్-టు నన్ (ఎక్కడా కట్టొద్దు) ఇచ్చి, దాని ముందు ఏ కోర్లు వాడాలో హద్దు గీసే టాస్క్‌సెట్ కమాండ్ పెట్టి, మొదటి కేసుకు 0 నుంచి 3, రెండోదానికి 4 నుంచి 7, అలా కోర్లు కేటాయించాను. ఆ హద్దు లోపల ఎవరు ఎక్కడ కూర్చోవాలో లైనక్స్ చూసుకుంటుంది. ఎంపీఐరన్‌లోనే సీపీయూ-సెట్ అనే ఆప్షన్ ఉంది, దానితోనూ అవుతుంది. రెండిటికీ మాకు తేడా కనపడలేదు.

నంబర్ల దగ్గర జాగ్రత్త. మా మిషన్‌లో లైనక్స్ 0 నుంచి 31 దాకా చూపిస్తుంది, కానీ 16 అనేది పదిహేడో కోర్ కాదు, సున్నా కోర్‌కే రెండో థ్రెడ్. ఒక కేసుకు 0 నుంచి 3, ఇంకో కేసుకు 16 నుంచి 19 ఇస్తే రెండూ అవే నాలుగు కోర్ల మీద కొట్టుకుంటాయి. ఎల్ఎస్‌సీపీయూ కమాండ్‌కు -e ఇస్తే ఏ నంబరు ఏ కోర్‌దో పట్టిక వేస్తుంది. ఈ వరస మిషన్‌ను బట్టి మారుతుంది కాబట్టి గుర్తుపెట్టుకునే కంటే చూసుకోవడం నయం.

కోర్లు నిండాయి, వేగం రాలేదు

ఎనిమిదింటికి మళ్లీ నాలుగు కేసులు మొదలుపెట్టాం. హెచ్‌టాప్‌లో పదహారు గీతలూ నిండాయి. ఫ్యాన్ గట్టిగా తిరగడం మొదలైంది. టీ తెప్పించుకున్నాం. 100 ఇటరేషన్లకు 441 సెకన్లు రావాలి. వచ్చింది 1,590.

"కోర్లన్నీ నిండాయి కదా సార్, మరి స్పీడ్ ఏది?"

ఈసారి లాగ్‌లో ఎగ్జిక్యూషన్‌టైమ్, క్లాక్‌టైమ్ రెండూ ఒకటే. అంటే ఎవరూ కోర్ కోసం క్యూలో లేరు, అందరూ కోర్ మీదే ఉన్నారు. అయినా పని సాగట్లేదు. ఈ లెక్కన మిగిలిన పనికి 72 గంటలు. చేతిలో ఉన్నవి 50. నిజమైన టెన్షన్ అప్పుడు మొదలైంది.

శుక్రవారం అడగని ప్రశ్న ఇప్పుడు అడిగాను. ఒక్క కేసునే రకరకాల కోర్లతో వంద ఇటరేషన్లు నడిపాం. ఒక కోర్‌తో 790 సెకన్లు, రెండుతో 520, నాలుగుతో 441, ఎనిమిదితో 428, పదహారుతో 425. రెండు కోర్లు దాటాక వేగం దాదాపు చచ్చిపోతోంది.

గాలి ప్రవాహం లెక్కల స్వభావమే అది. ఒక్కో సెల్‌కు చేసే గుణకారాలు, కూడికలు కొన్నే. కానీ ఆ కొన్నిటికి కావలసిన అంకెలను ప్రతిసారీ ర్యామ్ నుంచి తోడుకోవాలి. 20 లక్షల సెల్స్‌కు ఉష్ణోగ్రత ఒక్కటే దాచాలన్నా, అంకెకు 8 బైట్ల చొప్పున, 16 ఎంబీ. వేగానికి మూడు భాగాలు, పీడనం, టర్బులెన్స్, పైగా సెల్‌కూ సెల్‌కూ మధ్య ముఖాలు 60 లక్షలు, వాటి మీద కట్టిన మాట్రిక్స్. ఈ ప్రాసెసర్ లోపల అంకెలను దగ్గర పెట్టుకునే చిన్న నిల్వ, ఎల్3 క్యాష్, రెండు ముక్కలు కలిపి 64 ఎంబీ. ఏ మూలకూ సరిపోదు. కాబట్టి పదహారు కోర్లూ మాటిమాటికీ ర్యామ్ దగ్గరికే పరిగెత్తాలి. బావి ఒక్కటే, చేదలు పదహారు. గట్టు మీద ఇద్దరు ముగ్గురు తోడుతుండగానే ఊట అడుగంటితే, ఇంకో పదముగ్గురిని పిలిచి ఏం లాభం? గట్టు మీద తోపులాట తప్ప.

ఇది నాకు ముందే తెలుసు. నాలుగైదు కోర్ల దగ్గర వేగం ఆగిపోవడం ఇలాంటి డెస్క్‌టాప్‌లలో మామూలే. కానీ రెండు దగ్గరే ఆగిపోతోందంటే ఊట సగమే వస్తోందన్నమాట. ఆ అనుమానంతో డీఎంఐడీకోడ్ కమాండ్‌తో ర్యామ్ వివరాలు తీశాను. 32 జీబీ స్టిక్కులు రెండు. రెండూ A అనే ఛానెల్‌లోనే (ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు పోయే ఒకే దారిలో) ఉన్నాయి. B ఛానెల్ ఖాళీ.

ఈ ప్రాసెసర్‌కు ర్యామ్ దారులు రెండు. డీడీఆర్4-3200 అంటే సెకనుకు 3,200 మిలియన్ల సార్లు, ఒక్కోసారి 8 బైట్లు, ఒక్కో దారికి 25.6 జీబీ. రెండూ వాడితే 51.2. స్టిక్కులు రెండు ఉన్నంత మాత్రాన చాలదు, ఒక్కో దారికి ఒక్కోటి ఉండాలి. మదర్‌బోర్డులో నాలుగు స్లాట్లుంటే సాధారణంగా రెండోది, నాలుగోది వాడమని మాన్యువల్‌లోనే ఉంటుంది. అసెంబుల్ చేసినతను పక్కపక్కనే ఒకటీ రెండూ స్లాట్లలో గుచ్చేశాడు. 64 జీబీ చూపిస్తోంది కదా అని మేమూ చూడలేదు. రెండేళ్లు సగం దారితో బతికేశాం. అతన్ని తిట్టుకోబోయి ఆగాను. మిషన్ వచ్చిన రోజు ర్యామ్ నుంచి డేటా ఎంత వేగంగా వస్తుందో కొలిచే స్ట్రీమ్ అనే పరీక్ష ఒక్కసారి నడిపి ఉంటే పది నిమిషాల్లో బయటపడేది. ఆ పని నాది.

మిషన్ ఆపి, మూత తీసి, దుమ్ము దులిపి, స్టిక్కులు రెండో స్లాట్‌కూ నాలుగో స్లాట్‌కూ మార్చాం. ఐదు నిమిషాల పని. అదే పరీక్ష మళ్లీ నడిపితే ఒక కోర్‌కు 740 సెకన్లు, రెండుకు 410, నాలుగుకు 262, ఆరుకు 236, ఎనిమిదికి 228, పదహారుకు 225. రెండో థ్రెడ్లు కూడా కలిపి 32 ప్రాసెస్‌లు పెడితే 251, వెనక్కి పోయింది. రూపాయి ఖర్చు లేకుండా 425 కాస్తా 225 అయింది.

అప్పుడు పంపకం

ఇక్కడ చూడాల్సింది ఒక కేసు ఎంత త్వరగా అవుతుందని కాదు, పన్నెండూ కలిపి ఎప్పుడు అవుతాయని. అందుకే కేసులను రకరకాలుగా పక్కపక్కన నడిపి, పట్టిన సమయాన్ని కేసుల సంఖ్యతో భాగించాం. ఒక్కోటే పదహారు కోర్లతో అయితే కేసుకు 225 సెకన్లు. రెండు కేసులు, ఒక్కోదానికి ఎనిమిది కోర్లు: రెండూ 418కి అయ్యాయి, కేసుకు 209. నాలుగు కేసులు నాలుగేసి కోర్లతో 812, కేసుకు 203. ఎనిమిది కేసులు రెండేసి కోర్లతో 1,640, కేసుకు 205.

అంటే ఉత్తమమైన పంపకానికీ, ఒక్కోటే మొత్తం కోర్లతో నడపడానికీ తేడా పది శాతమే. కోర్లు ఎలా పంచాలా అని రాత్రంతా ఆలోచించిన నాకు ఇది చెంపపెట్టు. కోర్లు తప్పుగా కట్టేస్తే నష్టం అరవై శాతం పైనే, ర్యామ్ తప్పు స్లాట్‌లో ఉంటే సగానికి సగం. ఆ రెండూ సరిగా ఉన్నాక పంపకంలో మిగిలేది ఆ పది శాతమే. అది కూడా ఎక్కడి నుంచి వస్తుందంటే, ఒక కేసును పదహారు ముక్కలు చేసినప్పుడు ముక్కల మధ్య సందేశాలు, ఒకరికోసం ఒకరు ఆగడాలు పెరుగుతాయి. నాలుగు ముక్కలైతే ఆ గోల తక్కువ. పైగా ఒక కేసు సందేశాల కోసం ఆగిన క్షణంలో ఇంకో కేసు బావి వాడుకుంటుంది.

నాకు పది శాతం కంటే ఎక్కువ నచ్చింది ఇంకో అంకె. మూడు కేసులు నాలుగేసి కోర్లతో నడిపి, నాలుగు కోర్లు పూర్తిగా ఖాళీగా వదిలితే మూడూ 620 సెకన్లకు అయ్యాయి, కేసుకు 207. నాలుగు కోర్లు వదులుకున్నందుకు నష్టం రెండు శాతం. ఆ నాలుగు కోర్ల మీద పగటిపూట మావాడు డ్రాయింగ్ పని చేసుకోవచ్చు, పారావ్యూలో ఫలితాల బొమ్మలు తీసుకోవచ్చు. ఆ వారాంతానికి నాలుగు నాలుగులే పెట్టాం గానీ, తర్వాత మా ఆఫీసులో పగలు మూడు, రాత్రి నాలుగు అనేదే పద్ధతి అయింది.

ఎల్3 గురించి ఒక ముక్క. ఈ ప్రాసెసర్‌లో ఎనిమిదేసి కోర్లు రెండు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపుకు 32 ఎంబీ క్యాష్. రెండే కేసులు నాలుగేసి కోర్లతో నడపాల్సి వస్తే ఒకదాన్ని 0 నుంచి 3 మీద, రెండోదాన్ని 8 నుంచి 11 మీద పెడతాను. రెండూ ఒకే గుంపులో ఇరుక్కుంటే సగం క్యాష్ వృథా. ఒక కేసును రెండు గుంపుల మధ్య సాగదీయాలా వద్దా అనేది కేసును బట్టి మారింది, దానికి నా దగ్గర సూత్రం లేదు.

ఇదంతా ర్యామ్ మీద ఆధారపడే లెక్కల సంగతి. అన్ని సిమ్యులేషన్లూ ఇలా ఉండవు. చిన్న డేటా మీద లక్షలసార్లు పాచికలు వేసే మోంటే కార్లో లాంటి పని క్యాష్‌లోనే ఇమిడిపోతుంది, బావి దగ్గరికే పోదు. దానికి కోర్‌కు ఒకటి చొప్పున పదహారు వేసుకోవచ్చు, రెండో థ్రెడ్లు కూడా పనికొస్తాయి. అక్కడ వేరే చిక్కు ఉంటుంది. పైథాన్‌లో లెక్కలకు వాడే నంపై వెనకున్న లైబ్రరీలు ఒక్కోటి అడగకుండానే మిషన్‌లోని థ్రెడ్లన్నీ పట్టుకుంటాయి. పదహారు స్క్రిప్టులు, ఒక్కోదానికి ముప్పై రెండు థ్రెడ్లు, ఇక జాతరే. ఓఎంపీ నమ్ థ్రెడ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేసి మొదలుపెడితే సర్దుకుంటుంది.

పరుగు

మిషన్ ఎలాగూ ఆపాం కాబట్టి బయోస్‌లో ఈకో మోడ్ కూడా పెట్టి చూశాను. మామూలుగా ఈ ప్రాసెసర్ 142 వాట్ల దాకా లాగుతుంది, 65 వాట్ల ఈకో మోడ్‌లో 88 దగ్గర ఆపుతుంది. క్లాక్ వేగం తగ్గుతుంది. కానీ బావి దగ్గర నిలబడ్డవాడి చేతులు కాస్త నెమ్మదిస్తే ఏమవుతుంది? నాలుగు నాలుగుల పరీక్ష 812 నుంచి 826కి పోయింది. రెండు శాతం లోపు. ఏప్రిల్‌లో, ఏసీ ఆపేసిన రూములో, ఇన్వర్టర్ల మీద బతికే ఊళ్లో ఆ బేరం నాకు సమ్మతమే. ఆదివారం మధ్యాహ్నం ఇరవై నిమిషాలు కరెంటు పోయింది. యూపీఎస్ నిలబడింది.

పదకొండున్నరకు మొదలుపెట్టాం. టెర్మినళ్లలో చేత్తో కొట్టడం మానేసి జీఎన్‌యూ ప్యారలల్‌కు అప్పజెప్పాను. అది ఏ సమయంలోనైనా నాలుగు కేసులే నడుపుతుంది, ఒకటి అయిపోగానే తర్వాతది ఎక్కిస్తుంది. ప్రతి కేసుకూ అది కూర్చున్న స్లాట్ నంబరు ఇస్తుంది. ఆ నంబరులో ఒకటి తీసేసి నాలుగుతో గుణిస్తే మొదటి కోర్ నంబరు వస్తుంది. ఇద్దరు ఒకే సీటు ఎక్కే సమస్య అక్కడితో పోయింది. స్క్రిప్టు మొదలైన ముప్పై సెకన్లకు పీఎస్ఆర్ కాలమ్‌ను లాగ్‌లో రాయించడం కూడా పెట్టాను. పొద్దున్నే రూము సెగను బట్టి ఊహించుకోనక్కర్లేకుండా.

మొదటి విడత శనివారం రాత్రి తొమ్మిది దాటాక అయింది. రెండోది ఆదివారం పదకొండు దాటాక. ఆదివారం నాలుగింటికి మూడో విడతలో ఒక కేసు పేలిపోయింది. సందు తక్కువ, ఫ్యాన్ వేగం ఎక్కువ ఉన్న కేసు, ఉష్ణోగ్రత అర్థంలేని అంకెలకు పోయి ఆగింది. విసుగు పుట్టినా లాగ్‌లో ఒకటి ముచ్చటగా కనపడింది. అది చచ్చిన నిమిషం నుంచి మిగతా మూడింటి ఇటరేషన్ 8.3 సెకన్ల నుంచి 6.3కి దిగింది. వాటికి ఒక్క కోర్ కూడా అదనంగా రాలేదు, బావి దగ్గర ఒకడు తగ్గాడంతే. రిలాక్సేషన్ ఫ్యాక్టర్లు (ఒక్కో ఇటరేషన్‌లో అంకెలు ఎంత మారొచ్చో చెప్పేవి) తగ్గించి ఐదింటికి దాన్ని మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తే మిగతావి తిరిగి 8.3కి వచ్చాయి.

అర్ధరాత్రి దాటాక మూడూ పూర్తయి అది ఒక్కటే మిగిలింది. మిగతా పన్నెండు కోర్లు ఖాళీయే కదా, దాన్ని ఆపి పదహారు ముక్కలు చేసి నడుపుదామా అన్నాడు మావాడు. లెక్కేశాను. నాలుగు కోర్లతో ఇంకో రెండు గంటలు పడుతుంది, పదహారుతో ఆదా అయ్యేది ఇరవై నిమిషాల లోపే. ముక్కలు కలిపి మళ్లీ విడగొట్టి సరిచూసుకునేసరికి అందులో సగం పోతుంది, నిద్రమత్తులో ఏదో ఒకటి చెడగొట్టే ప్రమాదం పైన. వద్దులే, పడుకో అన్నాను. మూడింటి లోపే అయిపోయింది.

సోమవారం మీటింగ్‌లో కోర్ల ఊసే రాలేదు, రాకూడదు కూడా. ఫ్యాన్ వేగం పెంచిన కేసుల్లో గాలి పేర్పు మీద నుంచే దూసుకుపోయి చల్లబరిచే కాయిల్ దగ్గరికి తిరిగొస్తోంది, గోడవార టిక్కీలకు పెద్ద ఉపయోగం లేదు. సందు పెంచిన కేసుల్లో పాత ఫ్యాన్లతోనే అక్కడ ఉష్ణోగ్రత దిగింది. గుమస్తా గెలిచాడు. కాంట్రాక్టరు కాసేపు మా బొమ్మల రంగుల మీద వాదించి, "సరే, ముందు ఒక చాంబర్‌లో సందు మార్చి చూద్దాం" అన్నాడు. సందు పెంచితే ఎన్ని టిక్కీలు తగ్గుతాయని యజమాని అప్పుడే కాగితం మీద లెక్క మొదలుపెట్టారు.

వెళ్తూ వెళ్తూ పక్క చాంబర్‌కు కూడా చేసిపెట్టమన్నారు. అది రెండంతల పొడవు, మెష్ 60 లక్షల సెల్స్ దాకా పోతుంది. ఈ మిషన్ మీద అయితే మూడు రెట్లు సమయం. కొత్త మిషన్ కోసం షాపుకు ఫోన్ చేస్తే కోర్లు ఎన్ని కావాలని అడిగాడు. ర్యామ్ ఛానెళ్లు ఎన్ని ఉంటాయో చెప్పమన్నాను. ఎనిమిది ఛానెళ్లున్న పాత ఈపీవైసీ సర్వర్ బోర్డుకు ఒకటి, ముప్పై రెండు కోర్ల డెస్క్‌టాప్‌కు ఒకటి, రెండు కొటేషన్లు పంపాడు. రెండూ టేబుల్ మీదే ఉన్నాయి. సర్వర్ ఫ్యాన్ల మోత ఆ చిన్న రూములో మావాడు భరిస్తాడా అనేదొక్కటే తేలాలి.